బొమ్మ గీసే ముందు కొలవండి!

ఆమధ్య విజయవాడ బెంజి సర్కిల్‌కు దగ్గరలో ఒక పాఠశాలలో సైన్సు ప్రదర్శన జరిగింది. నన్నూ పిలిచారు, వెళ్ళాను. ఒక గది నిండా ఇళ్ళ నమూనాలే! 'రేపటి మన ఇల్లు' అన్నది పోటీ అంశం. థర్మోకోలు గోడలు, రంగు కాగితాల కిటికీలు, ఆకుపచ్చ రంగు వేసిన రంపపుపొట్టుతో పచ్చిక, బ్యాటరీతో వెలిగే చిట్టి దీపాలు. ఒక ఇంటి ముందయితే నీళ్ళు చిమ్మే ఫౌంటెన్ కూడా వుంది. అన్నీ చూడముచ్చటగా వున్నాయి.

ఫౌంటెన్ ఇంటి దగ్గర నిలబడ్డ కుర్రవాణ్ణి అడిగాను: "బాబూ, ఈ ఇంటికి పడమర ఎటువైపు?"

అతను నమూనా చుట్టూ ఒకసారి చూశాడు. "ఎటు తిప్పి పెట్టుకుంటే అటేనండీ!" అన్నాడు.

అందరం నవ్వాం. అతనూ నవ్వాడు. "మరి మీ ఇంట్లో ఎండాకాలం ఎలా వుంటుంది?" అని అడిగితే, "మాది డాబా ఇల్లండీ. పగలు ఎలాగో వుంటాంగాని రాత్రి నిద్రపట్టదు" అన్నాడు. పక్కనే ఒక అమ్మాయి నిలబడి వుంది. ఆమె నమూనా ఏదీ తేలేదు. స్నేహితురాలికి సాయం చేయడానికి వచ్చింది. "మాది రేకుల ఇల్లండీ. మాకు రాత్రి కాస్త నయమే. మధ్యాహ్నమే లోపల వుండలేం" అంది. కాసేపాగి ఇంకో ప్రశ్న వేసింది: "రేకుల ఇంటికి కూడా డిజైను వుంటుందాండీ?"

అప్పటికప్పుడు సరైన జవాబు చెప్పలేకపోయాను. ఈ వ్యాసం ఆ ప్రశ్నకు జవాబే.

పరిశోధన అంటే పెద్దమాట కాదు

ఆర్కిటెక్చర్, ఇంటీరియర్ డిజైన్, విజువల్ డిజైన్ - ఈ మూడు మాటలూ వినగానే మనకు ఏం గుర్తుకొస్తుంది? అద్దాల మేడ, ఖరీదైన సోఫాలు, రంగురంగుల ప్రకటన. కాని అసలు సంగతి అది కాదు. మనిషి తలమీద కప్పు ఎలా వుండాలి, గదిలో గాలీ వెలుతురూ ఎలా ఆడాలి, మనిషి కంటికి అక్షరం ఎలా అందాలి - ఈ మూడు ప్రశ్నల గూర్చిన విద్యలివి. అందం అక్కర్లేదని నేననను. అయితే ఆ అందం ఎవరికి, ఏ వేళలో, ఏ పని చేసుకునేటప్పుడు వుపయోగపడుతుందో ముందు తెలియాలి. తెలుసుకోవడానికి చేసే ప్రయత్నమే పరిశోధన.

మన విజయవాడలోనే ఇందుకోసం ఒక జాతీయస్థాయి విద్యాసంస్థ వుంది. 2008లో మొదలైన 'స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్' అది. 2014లో పార్లమెంటు చేసిన చట్టం దాన్ని జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా గుర్తించింది. మనదేశంలో ఆర్కిటెక్చర్ డిగ్రీకి అయిదేళ్ళు చదవాలి. చివరలో ప్రతి విద్యార్థీ ఒక సమస్యను తీసుకుని, స్థలం చూసి, అక్కడి జనంతో మాట్లాడి, కొలతలు వేసి, ఆ తరువాతే తన నమూనా తయారుచెయ్యాలి. బొమ్మ చివర వస్తుంది. ప్రశ్న ముందు వస్తుంది.

నా అభిప్రాయం ఒక్కటే. ఈ పని కాలేజీలో చేరేదాకా ఆగనక్కర్లేదు. ఎనిమిది, తొమ్మిది, పదో తరగతులవాళ్ళు కూడా చేయవచ్చు, చేయాలి కూడా. ఎందుకంటే ఆ రేకుల ఇంట్లో వుంటున్నది మీరే. ఆ తరగతి గదిలో ఏడెనిమిది గంటలు కూర్చుంటున్నదీ మీరే. మీకు తెలిసిన సంగతి బయటినుంచి వచ్చే ఇంజనీరుకు తెలియదు.

మన పెద్దలేమీ తక్కువ తినలేదు

కృష్ణా డెల్టా పల్లెల్లో పాత మండువా లోగిలి ఎప్పుడైనా చూశారా? ఇంటి నడుమ ఆకాశం కనిపించే ఖాళీ వుంటుంది. నాలుగు వైపులా పెంకుల కప్పు లోపలికి వాలి వుంటుంది. వేడెక్కిన గాలి తేలికై ఆ నడిమి ఖాళీలోంచి పైకి పోతుంది. చుట్టూ వున్న గదుల్లోకి వెలుతురు వస్తుంది, ఎండ మాత్రం సూటిగా రాదు. వానాకాలంలో నాలుగు చూరుల నీళ్ళూ అక్కడే పడి తూము గుండా బయటికి పోతాయి.

ఇక సముద్రతీరపు పల్లెల్లోని చుట్టిల్లు. గుండ్రటి మట్టిగోడ, దానిమీద శంకువులాగా తాటాకు కప్పు. చూరు దాదాపు నేలదాకా వంగి వుంటుంది. గుండ్రంగా ఎందుకు కట్టారు? గాలివానకు ఎదురు నిలిచే చదునైన గోడ లేకపోతే, గాలి ఇంటిని ఢీకొనకుండా చుట్టూ జారిపోతుంది గనుక. చూరు కిందికి వుంటే గాలి కప్పు కిందికి దూరి ఎత్తిపారేయడం కష్టం గనుక. ఇవి ఏ పుస్తకంలోనూ చూసి కట్టినవి కావు. తరతరాలుగా తుపానుల్లో ఏ ఇల్లు పడింది, ఏ ఇల్లు నిలిచింది అని చూసి చూసి నేర్చుకున్నవి.

అయితే పాతదంతా బంగారమని కూడా అనుకోకండి. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తింది. వేలాదిమంది ప్రాణాలు పోయాయి. గాలికి తట్టుకునే ఇల్లు కూడా ఉవ్వెత్తున వచ్చిపడే నీటికి తట్టుకోలేదు. ఆ తరువాత తీరంలో కట్టిన తుపాను రక్షణ భవనాల్లో చాలావాటిని స్తంభాలమీద ఎత్తుగా లేపారు. నీరు కిందినుంచి పోవాలి, జనం పైన క్షేమంగా వుండాలి. చూశారా? చుట్టింటివాళ్ళు గాలిని గురించి అడిగారు. తరువాతివాళ్ళు నీటిని గురించి అడిగారు. ప్రశ్న మారగానే భవనం ఆకారం మారింది.

మరి మన తరం అడగవలసిన ప్రశ్న ఏమిటి? వేడిని గురించి అంటాను నేను. 2015 మే నెలలో వడగాడ్పులకు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ కలిపి సుమారు 2,000 మంది చనిపోయారు. తుపాను వస్తే రేడియో, టీవీ కేకలు వేస్తాయి. వేడి మాత్రం చప్పుడు లేకుండా ఇంట్లోకి వచ్చి కూర్చుంటుంది.

సూర్యుడు ఎటునుంచి కొడతాడు?

ఇప్పుడు బెంజి సర్కిల్‌కు రండి. బందరు రోడ్డు, చెన్నై-కోల్‌కతా రహదారి ఒకదాన్నొకటి దాటే చోటు ఇది. 2020లో ఒకటి, 2021లో ఒకటి చొప్పున రెండు ఫ్లైఓవర్లు వచ్చాయి. చుట్టూ ఎత్తైన భవనాలు. వాటిలో అద్దాల ముఖాలతో వున్నవాటిని చూడండి. తూర్పు ముఖమైనా అదే అద్దం, పడమటి ముఖమైనా అదే అద్దం!

మన విజయవాడ భూమధ్యరేఖకు ఉత్తరంగా సుమారు 16.5 డిగ్రీల అక్షాంశంమీద వుంది. అందువల్ల మే మొదటి వారంలో ఒకసారి, ఆగస్టు మొదటి వారంలో ఒకసారి మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. నిటారుగా నిలబెట్టిన కర్రకు ఆ క్షణంలో నీడ వుండదు. అదే డిసెంబరు చివరలో మధ్యాహ్నం సూర్యుడు దక్షిణాన సుమారు 50 డిగ్రీల ఎత్తులోనే వుంటాడు. దీన్నిబట్టి ఏం తెలుస్తోంది? వేసవి మధ్యాహ్నం దెబ్బ ఎక్కువగా తగిలేది కప్పుకు. సాయంత్రం వాలుటెండ దెబ్బ తగిలేది పడమటి గోడకు. కిటికీమీద సన్‌షేడు నడినెత్తి ఎండను ఆపుతుందిగాని పడమటినుంచి ఏటవాలుగా వచ్చే ఎండను ఆపలేదు. అక్కడ చెట్టో, తడికో, నిలువు పలకో కావాలి.

అద్దం ఏం చేస్తుంది? సూర్యకాంతిని లోపలికి రానిస్తుంది. లోపలి వస్తువులు వేడెక్కి విడిచే వేడికిరణాలను మాత్రం తేలిగ్గా బయటికి పోనివ్వదు. గది వేడెక్కుతుంది. అప్పుడు ఏసీ పెడతారు. ఆ యంత్రం గదిలో వేడిని మాయం చెయ్యదు, వీధిలోకి తోస్తుంది. తాను ఖర్చుపెట్టిన కరెంటు తాలూకు వేడిని కూడా దానికి కలిపి మరీ తోస్తుంది. ఆ వీధిలో సోడాబండి దగ్గర నిలబడ్డ మనిషికి రెండు ఎండలు!

కొందరు ఇంటికి దిక్కులు చూసేది అదృష్టంకోసం అంటారు. దిక్కు ముఖ్యమే, కాదనను. కాని ఎందుకు ముఖ్యం? ఎండవల్ల, గాలివల్ల. ఈ రెంటినీ కొలవవచ్చు. అదృష్టాన్ని కొలిచే పరికరం నేనింతవరకు చూడలేదు.

ఒక రేకుల ఇంటి ప్రయోగం

ఇప్పుడా అమ్మాయి ప్రశ్నకు వద్దాం. రేకుల ఇంటికీ డిజైను వుంటుంది. వుండాలి. ముందుగా కొలవాలి.

ఒకేరకం అట్టపెట్టెలు రెండు తీసుకోండి. రెంటికీ ఒకే కొలత ఇనపరేకు ముక్కలు మూతలుగా పెట్టండి. ఒక రేకు పైభాగానికి గోడలకు వేసే తెల్లసున్నం రెండు పూతలు వేసి ఆరనివ్వండి. రెండోదాన్ని అలాగే వుంచండి. రెండు పెట్టెల్లోనూ ఒకే ఎత్తులో, రేకుకు తగలకుండా, ఒక్కొక్క ధర్మామీటరు వేలాడదీయండి. రెంటినీ పక్కపక్కనే ఎండలో పెట్టి, ఉదయం పదింటినుంచి సాయంత్రం నాలుగింటి దాకా అరగంటకొకసారి చూసి రాసుకోండి. సున్నం తప్ప తక్కినవన్నీ రెంటికీ ఒకేలా వుండాలి. లేకపోతే తేడా దేనివల్ల వచ్చిందో తేల్చలేరు.

ఎన్ని డిగ్రీల తేడా వస్తుంది? నేను చెప్పను. చెబితే మీరు ఆ అంకె కోసం చూస్తారుగాని, ధర్మామీటరు కేసి చూడరు!

కారణం మాత్రం చెబుతాను. కొత్త ఇనపరేకు తళతళ మెరుస్తుంది, ఎండను కొంత తిప్పికొడుతుంది. కాని తనలో చేరిన వేడిని కిరణాలుగా విడిచిపెట్టడంలో మెరిసే లోహం మహా పిసినారి. అందుకే చెయ్యి కాలేంతగా వేడెక్కుతుంది. సున్నం అలాకాదు. ఎండను తిప్పికొడుతుంది, చేరిన వేడినీ ధారాళంగా విడిచేస్తుంది. ఈ సూత్రంమీదనే తెలంగాణ ప్రభుత్వం 2023లో 'చల్లని కప్పుల' విధానాన్ని ప్రకటించింది. సున్నం వానకు కొట్టుకుపోతుంది కాబట్టి ఏటా ఎండాకాలం ముందు మళ్ళీ వేసుకోవాలి.

ఇంకో చిట్కా. రేకు కింద కూర్చున్నప్పుడు మాడు మాడిపోతుంది. కాని మామూలు ధర్మామీటరు ఆ బాధనంతా చెప్పదు. అది ముఖ్యంగా గాలి వేడిని చెబుతుంది. రేకునుంచి నేరుగా వచ్చే వేడికిరణాల సంగతి తెలియాలంటే, టేబుల్ టెన్నిస్ బంతికి నల్లరంగు వేసి, చిన్న చిల్లు చేసి, ధర్మామీటరు బుడ్డిని అందులో వుంచండి. ఒకే చోట మామూలు ధర్మామీటరునూ, ఈ నల్లబంతి ధర్మామీటరునూ వేలాడదీసి పోల్చండి. ఆ తేడాయే మీ నెత్తి చెబుతున్న మాట.

మరి డాబా ఇంటి కుర్రవాడు చెప్పింది? అదీ నిజమే. పలచని రేకు త్వరగా వేడెక్కుతుంది, త్వరగా చల్లారుతుంది. మందపాటి శ్లాబు పగలంతా వేడిని దాచుకుని రాత్రి మెల్లగా విడుస్తుంది. రేకుల ఇంటికి మధ్యాహ్నం గండం, డాబాకు రాత్రి గండం. ఇద్దరి ఇళ్ళలోనూ పగలూ రాత్రీ కొలిచి ఒకే గ్రాఫు కాగితంమీద రెండు గీతలు గీస్తే ఎంత బాగుంటుందో ఆలోచించండి!

ఒక హెచ్చరిక. రేకుల కప్పు ఎక్కకండి, విరుగుతుంది. పాదరసం ధర్మామీటరు వాడకండి. సున్నం కలిపే పని పెద్దలకు వదిలేయండి. వడగాడ్పుల హెచ్చరిక వున్న రోజు ప్రయోగం మానుకోండి.

తరగతి గది, దారి పలక

ఇంటీరియర్ డిజైన్ అంటే సోఫాలు కాదన్నాను. మీ తరగతి గదితోనే మొదలుపెట్టండి. పొడవు, వెడల్పు కొలిచి నేల వైశాల్యం కట్టండి. తరువాత కిటికీల వైశాల్యం. మన జాతీయ భవన నిర్మాణ నియమావళి ప్రకారం, వేడీ ఉక్కపోతా కలిసి వుండే ప్రాంతాల్లో గదికి గాలివచ్చే ఖాళీ నేల వైశాల్యంలో కనీసం ఆరోవంతు వుండాలి. ఆరు మీటర్ల పొడవు, ఆరు మీటర్ల వెడల్పు గల గదికి ఆరు చదరపు మీటర్లన్నమాట. కిటికీలో తెరుచుకునే భాగాన్నే లెక్కపెట్టండి. అడ్డుగా బీరువా పెట్టిన కిటికీ కిటికీ కాదు. ఎదురెదురు గోడలకు కిటికీలున్నాయా? ఒక అగరువత్తి వెలిగిస్తే పొగ ఎటు పోతోంది? మధ్యాహ్నం ఏ బెంచీ వాళ్ళకు నల్లబల్ల మీద మెరుపు పడి అక్షరాలు కనిపించడం లేదు? గది పటం గీసి గుర్తులు పెట్టండి. బహుశా బెంచీలు ఒకింత తిప్పితే చాలేమో, రూపాయి ఖర్చు వుండదు.

ఇక అక్షరాల సంగతి. బెంజి సర్కిల్ దగ్గర ఏలూరు ఎటు, మచిలీపట్నం ఎటు, గుంటూరు ఎటు అని చెప్పే పలకలు కావాలి. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి సెకనుకు సుమారు 16.7 మీటర్లు కదులుతుంది. పలక చదివి అర్థం చేసుకోవడానికి మూడు సెకన్లు పట్టిందనుకుంటే ఆ లోపల 50 మీటర్లు గడిచిపోతాయి. అక్షరం ఎంత పెద్దదిగా, ఎలాంటి రూపంలో వుండాలో ఈ లెక్కే చెప్పాలి.

బ్రిటన్‌లో జాక్ కిన్నియర్ అనే డిజైను ఉపాధ్యాయుడు 1957లో గాట్విక్ విమానాశ్రయం పలకల పని చేపట్టి, తన విద్యార్థిని మార్గరెట్ కాల్వర్ట్‌ను సాయానికి పిలిచాడు. తరువాత ఆ దేశపు రహదారి పలకలన్నీ ఆ ఇద్దరే రూపొందించారు. ఏ అక్షరం అందంగా వుందని వాదించుకుంటూ కూర్చోలేదు. పలకలను దూరంగా నిలబెట్టి, ఎంత దూరంనుంచి చదవగలుగుతున్నారో పరీక్షించి చూశారు.

మన తెలుగు అక్షరాలకు ఆ పని మీరే ఎందుకు చెయ్యకూడదు? 'ప'కు, 'వ'కు మధ్య తేడా ఎంత చిన్నది! 'మచిలీపట్నం'లో ఒత్తు ఎంత చిన్నదైతే ఎంత దూరంనుంచి అలుక్కుపోతుంది? అయిదు సెంటీమీటర్ల అక్షరాలతో రెండు రకాల రాతలో అట్టలు తయారుచేసి, పాఠశాల ఆటస్థలంలో నిలబెట్టండి. దూరంనుంచి ఒక్కొక్క అడుగే ముందుకు వేస్తూ, ఎక్కడ చదవగలిగారో టేపుతో కొలవండి. పదిమంది పిల్లల చేత, పదిమంది పెద్దల చేత చదివించండి. రోడ్డుమీద మాత్రం ఈ ప్రయోగం వద్దు.

కొన్ని సందేహాలు

"ఇదంతా చేస్తే మార్కులు వస్తాయా?" అంటారు కొందరు తల్లిదండ్రులు. గ్రాఫు, వైశాల్యం, కాంతి, ఉష్ణం - ఇవన్నీ పాఠాల్లో వున్నవేగదా! కొలిచి నేర్చుకున్నది పరీక్ష అయిపోయాక కూడా గుర్తుంటుంది.

"మేం కొలిస్తే మా ఇల్లు మారుతుందా? డబ్బెక్కడిది?" అని మీరడగవచ్చు. ఇది న్యాయమైన ప్రశ్న. ధర్మామీటరు ఇల్లు కట్టదు. కాని ఏ పని ముందు చేస్తే ఎక్కువ మేలో చెబుతుంది. ఉన్న కొద్ది డబ్బూ ఫాల్స్ సీలింగుకు పెట్టాలా, సున్నానికి పెట్టాలా, పడమటి గోడ పక్కన వేపమొక్కకు పెట్టాలా? అంకెలు చేతిలో వుంటే ఇంట్లోవాళ్ళతో మాట్లాడగలం, ప్రధానోపాధ్యాయుడితో మాట్లాడగలం, పురపాలక సంఘానికీ అర్జీ పెట్టగలం. "చాలా వేడిగా వుందండీ" అంటే "ఎండాకాలం గదా!" అంటారు. మూడు వారాల పట్టిక ముందు పెడితే అంత తేలిగ్గా తోసిపుచ్చలేరు.

ఇంకో మాట. ఇంకొకరి ఇంట్లో కొలిచేటప్పుడు ముందు వాళ్ళ అనుమతి అడగండి. ఎందుకు కొలుస్తున్నారో చెప్పండి. వచ్చిన ఫలితం మొదట వాళ్ళకే చూపించండి. వాళ్ళ ఇబ్బందిని మన ప్రదర్శనకు అలంకారంగా వాడుకోకూడదు. అనుకున్న ఫలితం రాకపోతే అంకెలు దిద్దకండి. "సున్నం వేసినా తేడా రాలేదు" అన్నది కూడా ఫలితమే. ఎందుకు రాలేదన్నది తరువాతి ప్రశ్న.

పోటీలు పెట్టే ఉపాధ్యాయులకూ, న్యాయనిర్ణేతలకూ నా మనవి ఇది. థర్మోకోలు మేడ పక్కన ఒక నోటుబుక్కు కూడా వుండాలని నియమం పెట్టండి. ఎవరికోసం ఈ ఇల్లు, వాళ్ళను ఏం అడిగారు, ఏం కొలిచారు, దాన్నిబట్టి నమూనాలో ఏం మార్చారు - ఈ నాలుగూ అందులో వుండాలి. మార్కుల్లో సగం ఆ నోటుబుక్కుకే ఇవ్వండి. దీపాలు తక్కువ వెలిగినా ఫరవాలేదు.

ఆ అమ్మాయి మళ్ళీ కనిపిస్తే ఇలా చెబుతాను: "రేకుల ఇంటికీ డిజైను వుంటుందమ్మా. అయితే అది ఇంకా ఎవరూ పూర్తిగా గీయలేదు. ఎందుకంటే గీసేవాళ్ళు మధ్యాహ్నం రెండింటికి ఆ ఇంట్లో కూర్చోలేదు. నువ్వు కూర్చున్నావు. ధర్మామీటరు వేలాడదీసి, నోటుబుక్కు తియ్యి. మొదటి గీత నువ్వే గియ్యి."